పొగడకూడని బండి

ఒటాహుహు, ఆక్లండ్
మే 3

తమ్ముడు ఇయాకోపోకి, అక్క తెలేసియా దీవెనలు.

మొన్న ఆదివారం ఫోన్లో పావుగంట మాట్లాడుకున్నాం. నేను "బస్సు సంగతి ఏమైందిరా?" అంటే నువ్వు "ఈసారి చేమదుంపలు బాగా ఊరాయక్కా" అన్నావు. "యజమాని ఏమన్నాడు?" అంటే "ఆఁ, అందరూ బాగున్నారు" అన్నావు. నువ్వు కుర్రతనంలో పనిచేసిన ఆ రంపపు మిల్లు నీ చెవులు సగం తినేస్తే మిగతా సగం బస్సు ఇంజను తినేసింది. నేను అరిచిన అరుపులకి పక్కింటి టోంగావాళ్లు కిటికీ తీసి చూశారు. అందుకని ఇకనుంచి ఫోను మానేసి ఉత్తరాలే. కాగితం మీద అయితే నువ్వు తప్పించుకోలేవు.

సెప్టెంబరు ఏడు నుంచి మన సమోవాలో బళ్లన్నీ కుడి పక్కన మానేసి ఇక్కడిలాగే ఎడమ పక్కన నడవాలట కదా. ఇక్కడ చర్చిలో అందరూ సంబరపడుతున్నారు, ఇక్కడి బళ్లు చవకగా అక్కడికి పంపుకోవచ్చని. నాకు మాత్రం నీ బస్సు గుర్తొచ్చింది. దాని తలుపు కుడివైపు ఉంది. ఎడమన నడిస్తే జనం నడిరోడ్డు మీదకి దిగాలి. ఇరవై ఆరేళ్లుగా ఆ బస్సే నీ కూడు. యజమాని తలుపు మార్పిస్తాడా, లేక బస్సుని మూలన పడేస్తాడా? ఉన్నదున్నట్టు రాయి.

రెండోదే అయితే నీకొక కారు పంపుతాను. రేవు దగ్గర టాక్సీగా నడుపుకో. చిన్న కారు వద్దు, మనవాళ్ల భారీ ఒళ్లు పట్టవు. పెద్దది వద్దు, పెట్రోలు తాగుతుంది. మధ్యరకం సెడానే మంచిది. జనం ముందు, చేపలూ దుంపలూ వెనక డిక్కీలో. ఆదివారం తెల్లబట్టలకి చేపల వాసన అంటదు.

పంతొమ్మిదేళ్లుగా జపాన్ నుంచి దిగిన పాత కార్లని అమ్మకాల యార్డులో కడుగుతున్నాను. అమ్మేవాడు కారు మొహం చూస్తాడు, నేను సీటు కింద చూస్తాను. వాడినవాళ్లు ఎలాంటివాళ్లో అక్కడ తెలుస్తుంది. నా కారు లుపే సంగతి నీకు చెప్పాను కదా. తేనె కలిపిన పాల రంగు. ఆరేళ్ల కిందట యార్డులో దాని సీట్లు ఎత్తి చూస్తే ఒక్క బియ్యపు గింజ లేదు. దాన్ని వాడిన జపాను ఇంటావిడ ఎవరో గాని చేతులెత్తి దండం పెట్టాలి. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల కార్లు కడిగిన దాన్ని, మొదటిసారి నా కారు నేను కడుక్కున్నాను. ఇప్పటికీ ప్రతి శనివారం కడుగుతాను. లుపే లాంటిది ఇంకొకటి దొరికితే నీకు ఇక లోటుండదు.

మరదలు ఫియాని అడిగానని చెప్పు. అపెరీలాకి ముద్దులు.

అక్క
తెలేసియా


ఫలేసావా, సవాయీ దీవి
మే 24

అక్కకి, ఇయాకోపో నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇంటిల్లిపాదీ చదివాం. ఫియా రెండుసార్లు చదివి, "మీ అక్క రాస్తే ఎదురుగా కూర్చుని తిట్టినట్టే ఉంటుంది" అంది. మెచ్చుకోలుగానే అంది.

బస్సు గురించి దిగులు పడకు. యజమాని తలుపు మార్పిస్తానన్నాడు. వడ్రంగి కూడా వచ్చి చూసి వెళ్లాడు. బస్సు బంగారంలా ఉంది. నేను గంట వినలేనని దిగేవాళ్ల తాడుకి చెక్కపిట్టని కట్టాను, గుర్తుందా? ఎవరైనా తాడు లాగితే అద్దం దగ్గర పిట్ట తల ఊపుతుంది. అది ఇప్పటికీ ఊపుతోంది.

ఇక కారు మాట ఎత్తకు. అక్కకి తమ్ముడు పెట్టాలి, అక్క దగ్గర తమ్ముడు చెయ్యి చాపకూడదు. మన ఇంట్లో పెద్ద చేప పడితే తల నీకే వెళ్లేది. నేను వేడి రాళ్ల దగ్గర చెమటోడ్చి వండితే ముందు నువ్వు తినాలి, తరువాతే నేను. అదీ మన పద్ధతి. ఇప్పుడు నువ్వు కార్లు కడిగి నాకు కారు పెడితే ఊళ్లో నేను తలెత్తుకుని తిరగలేను.

ఊరికే అడుగుతున్నాను. మధ్యరకం సెడాన్ డిక్కీలో ఎన్ని దుంపల బుట్టలు పడతాయి? మన రోడ్డు మీద లావా రాళ్లున్నాయి కదా, దాని పొట్ట గీసుకోదా? వెనక సీట్లో మన ఆడవాళ్లు ముగ్గురు కూర్చోగలరా? నాకు అవసరమని కాదు, తెలుసుకుందామని.

నీ తమ్ముడు
ఇయాకోపో

అత్తా, ఇది పోస్టులో వెయ్యమని నాన్న నాకిచ్చారు. అడుగున చోటు ఉంది కాబట్టి రాస్తున్నాను. వడ్రంగి రాలేదు. బస్సు ఏప్రిల్ ఆఖరునే ఆగిపోయింది. యజమాని దాన్ని కొబ్బరితోటలో నిలబెట్టేశాడు. నాన్న రోజూ పొద్దున చొక్కా తొడుక్కుని వెళ్లి, అందులో డ్రైవరు సీట్లో కూర్చుని, మధ్యాహ్నానికి ఇంటికొస్తున్నారు. అమ్మ ఏమీ అనదు, అన్నం పెడుతుంది. నేను రాశానని చెప్పకండి. — అపెరీలా


ఒటాహుహు
జూన్ 14

ఇయాకోపోకి.

నీ బస్సు బంగారంలా ఉన్నందుకు చాలా సంతోషం. నువ్వు ఊరికే అడిగావు కాబట్టి నేనూ ఊరికే చెప్తున్నాను. మా యార్డులో నీకు తగ్గ ధరలో మూడు రకాలు ఉన్నాయి. మూడింటినీ ఈ చేతులతోనే కడిగాను.

తెల్లది: తేలిక బండి. నాలుగు చుక్కల పెట్రోలు పోస్తే నలభై ఊళ్లు తిరుగుతుంది. తలుపు వేస్తే చిన్న చప్పుడు, మర్యాదస్తురాలు. కానీ వెనక సీట్లో మనవాళ్లు ఇద్దరూ ఒక పాటల పుస్తకం, అంతే. పొట్ట కూడా కిందికి ఉంది.

నీలిది: దాని డిక్కీ చూస్తే నోరూరుతుంది. నేను అందులోకి దిగి మోకాళ్ల మీద కూర్చుని తుడిచాను. పెట్రోలు మాత్రం పెళ్లిభోజనంలా లాగిస్తుంది. ఇంకొకటి, అది జపాను భాషలో మాట్లాడుతుంది. తలుపు తెరిస్తే ఒక ఆడమనిషి గొంతు ఏదో చెప్తుంది. ఎంత మెత్తగా చెప్తుందో! ఏమందో ఎవరికీ తెలియదు.

బూడిదరంగుది: ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. లావా రాళ్లని లెక్కచెయ్యదు. కానీ డిక్కీ కడుపు పెద్దది, నోరు చిన్నది. బుట్ట లోపలికి పోదు. దుంపలు ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకోవాలి.

ఈ రకం బళ్లు మీ ఊళ్లోకి అప్పుడే వచ్చేశాయని విన్నాను. నీలిది పాస్టరు గారికి ఉందట, తెల్లది కొట్టు పెనితోవాకి, బూడిదరంగుది రేవు గుమాస్తాకి. వెళ్లి చూడు. ఎక్కి, దిగి, కొలిచి, నీ పద్ధతిలో నువ్వు పరీక్ష చేసి నాకు రాయి. నువ్వు కొనేది లేదు కదా, నా సరదా కోసం.

ఒక్కటే జాగ్రత్త. నోరు కుట్టేసుకుని వెళ్లు. మనవాళ్ల సంగతి నీకు చెప్పాలా? ఎదుటివాడి వస్తువు బాగుందని అన్నావో, అది తీసి నీ చేతిలో పెట్టేస్తాడు. పుచ్చుకోకపోతే అవమానం. మన నాన్న కొత్త గొడుగు కొన్న రోజు గుర్తుందా? ఎవడో "గొడుగు భలే ఉందే" అన్నాడని అక్కడికక్కడే ఇచ్చేసి వానలో తడుస్తూ ఇంటికొచ్చారు. అమ్మ తిట్టిన తిట్లు ఊరంతా వింది. అందుకని చూడు, మెచ్చుకోకు.

తెలేసియా


ఫలేసావా
జూలై 8

అక్కకి, తమ్ముడు ఇయాకోపో రాసేది.

నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. నవ్వుకో.

ముందు పాస్టరు గారి నీలిబండి. వెనక సీట్లో ఫియానీ, పాస్టరమ్మ గారినీ, ఆమె చెల్లెల్నీ కూర్చోబెట్టాను. ముగ్గురూ పట్టారు, మోచేతులు ఆడించుకోవడానికి చోటు కూడా మిగిలింది. డిక్కీలో ఆరు బుట్టలు. తలుపు తీసినప్పుడల్లా ఆ జపాను ఆవిడ ఏదో అంటుందట, నాకు వినపడదు. పాస్టరమ్మ గారు మాత్రం ప్రతిసారీ "సరేనమ్మా, అలాగేనమ్మా" అని జవాబు చెప్తారు. "అది మిషనే కదండీ" అని ఫియా అంటే, "అయితే మాత్రం? పలకరిస్తే పలకొద్దా?" అన్నారు.

నేను చెవులతో ఇంజను చూడలేను కాబట్టి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూస్తాను. మంచి ఇంజనైతే పిల్లి గుర్రుపెట్టినట్టు చేతికి తెలుస్తుంది. నీలిది గుర్రుపెట్టింది. నాకు ఎంత నచ్చిందో! దవడలు బిగించుకుని నిలబడ్డాను. పాస్టరు గారు "ఎలా ఉంది?" అని గట్టిగా అరిచి అడిగితే "వాన పడేలా ఉందండి" అన్నాను.

రేవు గుమాస్తా దగ్గర ఇంకా కష్టం. వాడి బండి చుట్టూ మూడుసార్లు తిరిగి ఒక్క మాట అనకపోయేసరికి వాడి మొహం మాడిపోయింది. "ఏంటన్నా, నా బండిలో నీకేం లోపం కనపడింది?" అని నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. లోపం లేదంటే మెచ్చుకున్నట్టు. ఉందంటే తిట్టినట్టు. "డిక్కీ నోరు చిన్నదిరా" అని పారిపోయి వచ్చాను. బండి మాత్రం రాయిలాంటిది.

ఆఖరికి పెనితోవా. వాడు నా చిన్ననాటి జతగాడు, అందుకే ఏమరిచాను. తెల్లబండి బానెట్ మీద చెయ్యి పెట్టానా, అసలు ఇంజను నడుస్తున్నట్టే లేదు. అంత నిమ్మళం. నోరు జారింది. "ఓరి పెనితోవా, ఎంత చక్కని బండిరా!" అనేశాను. వాడు ఒక్క క్షణం నా వంక చూశాడు. కొని రెండు నెలలే అయింది. వాడి పెళ్లాం గుమ్మంలో నిలబడి ఉంది. వాడు తాళం తీసి నా చేతిలో పెట్టి, "నీదేరా ఇంక" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్లలో నీళ్లు. వాడి పెళ్లాం లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నాకు వినపడనంత దూరంలో ఉన్నా ఆ తలుపు చప్పుడు వినపడింది.

తిప్పి ఇస్తే పుచ్చుకోడు, అవమానం. మూడు రోజులు ఆ బండి మా ఇంటి ముందు ఉంది. పెనితోవా సరుకులు భుజాన మోసుకుంటూ మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లాడు, బండి వైపు కన్నెత్తి చూడకుండా. ఉపాయం ఫియా చెప్పింది. వాడిని ఆదివారం భోజనానికి పిలిచాం. పంది మాంసం, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులు, కోకో, అన్నీ పెట్టాం. తరువాత వాడిని బండి దగ్గరికి తీసుకెళ్లి, "నా కొత్త బండి ఎలా ఉందిరా?" అన్నాను. వాడికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. తరువాత ఆ మొహం చూడాలి! "చాలా బాగుందిరా ఇయాకోపో, ఇంత మంచి బండి నేనెక్కడా చూళ్లేదు" అని ఊరంతా వినేలా అరిచాడు. తాళం తీసి వాడి చేతిలో పెట్టాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

అక్కా, ఒక మాట. మే నెలలో నీకు రాసింది అబద్ధం. బస్సు ఆగిపోయింది. పెనితోవా నడిచి వెళ్తుంటే చూసి నాకు అర్థమైంది, బండి పోయిన మగవాడు ఊళ్లో ఎలా కనపడతాడో. నేనూ అలాగే కనపడుతున్నాను కాబోలు. యాభై నాలుగేళ్లు వచ్చాయి. నాకు బండి నడపడం తప్ప ఇంకేమీ రాదు. ఎడమన నడపడం వస్తుందో రాదో కూడా తెలియదు.

ఇయాకోపో


ఒటాహుహు
జూలై 22

నా తమ్ముడికి.

యార్డులో మధ్యాహ్నం భోజనాల దగ్గర నీ ఉత్తరం పైకి చదివాను. మన భాష రాని పంజాబీ అతను కూడా నా నవ్వు చూసి నవ్వాడు. ఆఖరి పేరా మాత్రం పైకి చదవలేదు.

బస్సు ఆగిందని నాకు ముందే తెలుసు. ఎలా అని అడగకు. నువ్వే చెప్తావని చూశాను, చెప్పావు, చాలు.

నీకు బండి నడపడం తప్ప ఏమీ రాదా? తుఫానులో వంతెన కొట్టుకుపోయిన ఏడాది, నలభై మందిని వాగులోంచి ఆ చెక్కబస్సులో ఒడ్డుకి చేర్చినవాడివి నువ్వు. నేను కిటికీ దగ్గర కూర్చుని కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే నువ్వు స్టీరింగు మీద వేళ్లతో పాటకి తాళం వేస్తున్నావు. ఇక్కడ ఇన్నేళ్లలో ఎంతమంది డ్రైవర్ల బళ్లు ఎక్కానో, నీ పక్కన కూర్చున్నంత నిబ్బరంగా ఎక్కడా కూర్చోలేదు. ఇది పొగడ్తే. నీ చేతులు తీసి నాకిచ్చెయ్యలేవు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఇక్కడ ఈ నెల మాటుపు బాబాయి పోయారు. పాపం ఆయనకి పిల్లలు లేరు. మన కుటుంబం తరఫున నేనే నిలబడి అంతా పద్ధతిగా జరిపించాను. ఎవరూ వేలెత్తి చూపలేదు.

మా యార్డులో నీలిది అమ్ముడుపోయింది. తెల్లదీ పోయింది. కొత్తవి వస్తూనే ఉంటాయిలే. నీ మనసులో ఎలాంటి బండి ఉందో దాచకుండా రాయి. అప్పుడు వెతకడం నాకు తేలిక.

అక్క


ఫలేసావా
ఆగస్టు 5

అక్కకి.

నెల రోజులుగా పొద్దున్నే లేచి రేవు దాకా రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తున్నాను. తలలో ఎడమ ఎక్కకపోతే కాళ్లలోనైనా ఎక్కుతుందని. మలుపు వస్తే చెయ్యి చూపించి తిరుగుతున్నాను. ఊరివాళ్లు నాకు దారి ఇచ్చి, "డ్రైవరు గారూ, రేవుకెంత?" అని అడుగుతున్నారు. పాస్టరమ్మ గారు అయితే నిన్న నా వెనకాలే వరసగా నడిచి, దిగాల్సిన చోట నా చొక్కా లాగారు. నవ్వుకోనీ. ఇప్పుడు నా కాళ్లకి ఎడమే సొంతమైంది.

మనసులో ఉన్నది రాయమన్నావు. రాత్రీపగలూ అదే ఆలోచన. తెల్లది పెట్రోలుకి మంచిది, కానీ మన ఆడవాళ్లని ఇరికించలేను. నీలిది డిక్కీకి మంచిది, కానీ పెట్రోలుకే సంపాదన సరిపోతుంది. బూడిదరంగుది రోడ్డుకి మంచిది, కానీ ముసలమ్మలు దుంపలు ఒక్కొక్కటీ పెట్టి తీస్తుంటే ఓడ వెళ్లిపోతుంది. ఈ మూడింటిలో మంచివన్నీ ఒక్క బండిలో ఉంటే బాగుండునని అనుకుంటూ నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. ఆరేళ్లుగా నువ్వు రాసినవి. వెనక సీట్లో మీ చర్చి ఆడవాళ్లు ముగ్గుర్ని ఎక్కించుకుని వెళ్లావు. డిక్కీలో పెళ్లికి పెట్టే పెద్ద చాపలు చుట్టినవి చుట్టినట్టే పట్టాయి. ఒక్క ట్యాంకుతో గతుకుల దారిలో, పొట్ట గీసుకోకుండా, దూరపు సముద్రం దాకా పోయి వచ్చావు. నాకు ఇప్పటికి తెలిసింది. మనం చూసిన అన్ని బళ్లలోకి నీ లుపేనే చక్కని బండి. అలాంటి బండి ఈ దీవిలో ఒక్కటీ లేదు. దాన్ని కనీసం ఒక్కసారి చేత్తో తాకి చూసినా నా జన్మ ధన్యం.

కాబట్టి అలాంటిది ఎక్కడైనా కనపడితే చెప్పు. తొందరేమీ లేదు.

నీ తమ్ముడు
ఇయాకోపో


ఒటాహుహు
ఆగస్టు 15

ఇయాకోపోకి.

ఆగస్టు 5 నాటి ఉత్తరం, రెండో పేజీ. "అన్ని బళ్లలోకి నీ లుపేనే చక్కని బండి." నీ రాతే, నీ సంతకమే. కాగితం నా బైబిల్లో భద్రంగా ఉంది.

మెచ్చుకున్నావు. అయిపోయింది. గురువారం లుపేని ఓడ ఎక్కించాను. తాళం కవరులో ఉంది.

అక్కలకి తమ్ముళ్లు పెట్టాలన్నావు, ఒప్పుకుంటాను. కానీ ఇది పెట్టడం కాదు. నువ్వు పొగిడావు, నేను ఇచ్చాను. పెనితోవా ఇచ్చినట్టే. పుచ్చుకోకపోతే నాకు అవమానం. నీ అక్కని అవమానించే ధైర్యం నీకుంటే తాళం తిరుగు పోస్టులో పంపు.

తెలేసియా


ఫలేసావా
సెప్టెంబరు 13

అక్కకి.

తాళం అందిన రోజు అక్క దగ్గర అడుక్కున్నట్టయిందని సిగ్గుతో చచ్చిపోయాను. నిజంగా నోరు జారిందక్కా, కాదు, కలం జారింది. కావాలని రాయలేదు. ఫియా నా ఎదురుగా కూర్చుని, "జారిందో, మనసులో ఉన్నదే బయటికొచ్చిందో, అది నీకే తెలియాలి" అంది.

బండి రేవులో దిగినప్పుడు దాని మొహం కూడా చూడకూడదనుకున్నాను. చూశాను. బానెట్ మీద చెయ్యి పెట్టాను. నువ్వు ఆరేళ్లు శనివారం శనివారం కడిగిన బండి అది. గీత లేదు, మచ్చ లేదు. సీటు కింద చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే ఒక్క గింజ లేదు. నీ సబ్బు వాసన. అక్కడే కూర్చుని ఏడ్చాను. అపెరీలా నా ఎడమ భుజం తట్టి ఇంటికి పదమంది.

ఏడో తారీకు పొద్దున ఆరుకి పది నిమిషాల ముందు, సర్కారు చెప్పినట్టే, దేశంలో బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రేడియోలో ఏం చెప్తున్నారో నాకు వినపడలేదు. జనం రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. పెనితోవా తెల్లబండి నా ముందు, పాస్టరు గారి నీలిది నా వెనక. ముందు పెనితోవా బండి కదిలి మెల్లగా ఎడమకి వచ్చింది. నేనూ తిప్పాను. అక్కా, నేను భయపడినంతా వట్టిదే! నా కాళ్లు ముందే ఆ దారిలో నడిచి ఉన్నాయి కదా. కుడివైపు స్టీరింగు, ఎడమవైపు గట్టు. మొదటి మలుపులోనే నా వేళ్లు తాళం వేశాయి. ఫియా చూసి నవ్వింది.

బుధవారం ఓడ దిగిన మొదటి బేరం ఒక ముసలమ్మ, నాలుగు బుట్టలతో. నాలుగూ డిక్కీలోకి గుటుక్కున పోయాయి. చెక్కపిట్టని బస్సులోంచి తెచ్చి అద్దం దగ్గర కట్టాను, తాడు వెనక సీటుకి లాగాను. ముసలమ్మ తాడు లాగింది, పిట్ట తల ఊపింది, నేను ఆపాను. ఆవిడ మళ్లీ ఎక్కి ఊరికే ఇంకోసారి లాగింది. ఇప్పుడు రోజూ నిండుగా తిరుగుతున్నాను. ఊళ్లో అందరూ చూసి నోరు నొక్కుకుంటున్నారు. మెచ్చుకుంటే ఇచ్చేస్తానేమోనని ఒక్కరూ పెదవి విప్పరు.

ఇదంతా నిన్నటి దాకా. పాస్టరమ్మ గారు ఆక్లండ్‌లో వాళ్ల అక్కని చూసి నిన్ననే వచ్చారు. "మీ అక్క చర్చికి రెండు బస్సులు మారి వస్తోందయ్యా" అన్నారు. "యార్డుకి కూడా బస్సులోనే. నీ కారు కోసం దాచుకున్నదంతా మీ బాబాయి అంత్యక్రియలకి పెట్టేసిందట. అందుకే సొంత బండి పంపింది" అన్నారు. నువ్వు ఇన్ని ఉత్తరాల్లో ఒక్క ముక్క రాయలేదు.

ఫోటో పంపుతున్నాను. లుపే ఇంటి ముందు ఉంది. పక్కన అపెరీలా. లోపల చెక్కపిట్ట కూడా కనపడుతుంది. బాగా చూడు. చూసి ఒక్క మాట రాయి అక్కా, ఒకే ఒక్క మాట. నా బండి ఎలా ఉంది?

ఇయాకోపో


ఒటాహుహు
సెప్టెంబరు 25

ఇయాకోపోకి.

ఫోటో అందింది. నన్ను పెనితోవా అనుకున్నావా?

అడిగావు కాబట్టి చెప్తున్నాను. బండి ఏమీ బాగాలేదు. రంగు చూడు, వెలిసిన దుప్పటిలా ఉంది. నాకు మొదటినుంచీ ఆ రంగు నచ్చలేదు. డిక్కీ మరీ పెద్దది, దండగ. సీట్లు మరీ మెత్తన, నడుము నొప్పి పుడుతుంది. ఆరేళ్లు ఎలా భరించానో నాకే తెలియదు. శనివారాలు అది కడగలేక చచ్చేదాన్ని. ఇప్పుడు శనివారం హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాను. ఏం చెయ్యాలో తోచక ఒక్కోసారి బకెట్టు పట్టుకుని బయటికి వెళ్లి, మళ్లీ లోపలికి వస్తున్నాను. అంతే.

బస్సు బాగుంటుంది. నా స్టాపు వచ్చాక గంట నొక్కుతాను, డ్రైవరు ఆపుతాడు. దిగేటప్పుడు ప్రతిరోజూ అతనికి "థాంక్యూ డ్రైవర్" అంటాను. ఇరవై ఆరేళ్లలో నీకు ఆ మాట ఎంతమంది చెప్పారో, నువ్వు ఎన్నిసార్లు వినలేదో అనుకుంటాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను, చదువుకో. థాంక్యూ డ్రైవర్.

చెక్కపిట్ట గురించి ఏమీ అనను. అన్నానో, మర్నాడే పోస్టులో వేస్తావు.

ఫోటో వంటగదిలో, పొయ్యి ఎదురుగా, గోడకి పెట్టాను. అది అపెరీలా కోసం. బండి ఉన్న వైపు నేను అసలు చూడటంలేదు. అయినా బానెట్ మీద ఎవరిదో అరచేతి ముద్ర కనపడుతోంది. ఎవరో చెయ్యి తియ్యడం మరిచిపోయినట్టున్నారు. శనివారం అది తుడిచెయ్యి. మెత్తటి గుడ్డతో, నీళ్లు ఎక్కువ పెట్టకుండా, మెల్లగా తుడవాలి. ఆ డొక్కు బండిని అలా తుడవకపోతే మెరవదు.

నీ అక్క
తెలేసియా